ఆకలితో పిజ్జా షాపుకు పోవద్దు

ఈ మాట అంటే మా ఇంట్లోవాళ్లే ఒప్పుకోలేదు. కడుపు కాలితేనే కదా మనిషి హోటలు మొహం చూసేది అన్నారు. అయినా నా మొదటి సలహా ఇదే. బొంగులూరు గేటు దగ్గర పిజ్జా తినాలనుకుంటే ముందు ఇంట్లో రెండు సకినాలో, ఒక అరటిపండో తిని బయల్దేరండి. ఈ వ్యాసంలో చెప్పేవన్నీ ఇలాగే తలకిందులుగా కనబడతాయి. మూడేళ్లుగా ఆ షాపుల్లో కూర్చుని తిని, నాలుగుసార్లు దెబ్బతిని నేర్చుకున్నవి. ఒక్కటి కూడా మాటవరసకు చెప్పడం లేదు.

పెద్ద కంపెనీల షాపుల్లో పిండి ముద్దలు ఎక్కడో ఒకచోట తయారై బండిలో వస్తాయి. లోపల నలుగురైదుగురు తలా ఒక పని చేస్తారు. మన గేటు దగ్గరి చిన్న షాపులో అలా కుదరదు. పిండి పిసికేదీ, వత్తేదీ, ఉల్లిగడ్డ తరిగేదీ, ఓవెన్‌లో పెట్టి తీసేదీ, చివరికి బిల్లు రాసేదీ ఒక్క పిల్లాడే. మీరు చెప్పిన పిజ్జా చేతికి రావడానికి ఇరవై నిమిషాలు పడుతుంది. మీకంటే ముందు రెండు ఆర్డర్లుంటే అరగంట దాటుతుంది. ఆకలిమీద ఉన్నవాడు ఆ అరగంటలో మూడుసార్లు కౌంటర్ దగ్గరికి వెళ్లి "ఇంకెంతసేపు తమ్మీ" అంటాడు. ఆ పోరు పడలేక పిల్లాడు రెండు నిమిషాలు ముందే బయటికి లాగుతాడు. పైన చీజ్ కరిగి చూడ్డానికి బాగానే ఉంటుంది. ముక్క ఎత్తి చూస్తే అడుగు తెల్లగా, మధ్యలో పిండి పచ్చిగా, పళ్లకు అంటుకుంటూ. అలాంటిది ఒకటి నేనే తొందరపెట్టి చేయించుకుని తిన్నాను. ఆ రాత్రంతా కడుపులో రాయి పెట్టినట్టే ఉంది.

ఈ అరగంట లెక్క మనకు ఎక్కడినుంచి వచ్చిందో కూడా తెలుసుకోవాలి. అరగంటలో ఇంటికి తెస్తామని అమెరికాలో హామీ ఇచ్చింది డామినోస్. తెచ్చే కుర్రాళ్ల ప్రమాదాలు, కోర్టు కేసులు ఎక్కువయ్యాక 1993లో అక్కడ ఆ హామీని వదులుకుంది. మన దేశంలో ఆ కంపెనీ తొలి షాపు 1996లో ఢిల్లీలో తెరుచుకుంది. ఇక్కడ కూడా అది అదే అరగంట హామీ ఇచ్చింది, గడియారం చూస్తూ పిజ్జా కోసం ఎదురుచూడటం మనకు అలా అలవాటైంది. గేటు దగ్గరి పిల్లాడు ఎవరికీ ఏ హామీ ఇవ్వలేదు.

రెండో సలహా: జనం లేని షాపుకే పోండి. హోటలు మంచిదో కాదో బయట నిలబెట్టిన బండ్లు చూసి చెప్పొచ్చని పెద్దలంటారు. బిర్యానీకి అది నిజం, డేగిశా ఎంత తొందరగా ఖాళీ అయితే అంత మంచిది. పిజ్జాకు నప్పదు. బొంగులూరు సంగతి తెలిసినవాళ్లకు ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. 158 కిలోమీటర్ల హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు మీద మనది 12వ ఎగ్జిట్, నాగార్జునసాగర్ రోడ్డును దాటేచోటు. ఇటు ఆదిభట్లలో టీసీఎస్, అటు మంగళ్‌పల్లిలో ఇంజనీరింగ్ కాలేజీలు, కొంగరకలాన్‌లో 2022 ఆగస్టు నుంచి జిల్లా కలెక్టరేట్. ఇవికాక ఆదివారం వస్తే ప్లాట్లు చూడ్డానికి వచ్చే కార్లు. రాత్రి ఏడింటికి వీళ్లంతా ఒక్కసారే వచ్చి పడతారు. హాస్టల్ పిల్లలు పదిమంది పుట్టినరోజు కేకుతో వస్తారు, కార్లో ఉన్నవాళ్లు హారన్ కొట్టి పార్సిల్ అడుగుతారు. చిన్న ఓవెన్‌లో రెండో మూడో పట్టే చోట తలుపు మాటిమాటికీ తీస్తుంటే లోపలి వేడి దిగిపోతుంది. ఏడున్నరకు వచ్చే పిజ్జా అందుకే పాలిపోయి ఉంటుంది. అదే పిల్లాడు, అదే పిండి, సాయంత్రం నాలుగున్నరకు చేసినది అంచులు గోధుమరంగుకు తిరిగి, అక్కడక్కడా పొంగి, కొరికితే చప్పుడయ్యేలా ఉంటుంది.

అయితే షాపు తెరవగానే కూడా పోవద్దు. ఓవెన్ లోపలి రాయి కాగడానికి ముప్పావుగంటైనా కావాలి. ముందే వెళ్తే పైభాగం కాలుతుంది, అడుగు కాలదు. ఒకటి కొంటే ఒకటి ఉచితమనే రోజున అసలు పోవద్దు. ఆ రోజు అందరి పిజ్జాలూ సగం సగమే కాలుతాయి.

పార్సిల్ గురించి కాస్త ఎక్కువే చెప్పాలి, నేను తప్పు చేసింది అక్కడే. మూడేళ్ల కింద మొదటిసారి పనీర్ పిజ్జా పార్సిల్ కట్టించుకున్నాను. బండి మీద మా వెంచర్‌కు పన్నెండు నిమిషాలు. ఇంటికొచ్చి డబ్బా తెరిస్తే మూత లోపల నీటి బొట్లు, అట్ట తడిసి మెత్తబడింది, ముక్క ఎత్తితే కొస వేలాడి పైనున్నదంతా జారి డబ్బాలో పడింది. నాకు కోపమొచ్చింది. ఫోన్ తీసి ఆ షాపుకు ఒకే ఒక్క నక్షత్రం ఇచ్చి, "పచ్చి పిండి అమ్ముతున్నారు" అని రాశాను. అది పచ్చి పిండి కాదు. ఆవిరి. వేడివేడి రొట్టెను మూత వేసిన గిన్నెలో పెడితే ఏమవుతుందో ప్రతి ఇల్లాలికీ తెలుసు. జొన్నరొట్టె కాల్చగానే గుడ్డలోనో, వెదురు బుట్టలోనో ఎందుకు వేస్తాం? అట్ట డబ్బాలో పెట్టి మూసిన పిజ్జా పది నిమిషాల్లో తన ఆవిరితో తనే ఉడుకుతుంది. ఆ రాత నేను తీసేశాను. ఏడాదిన్నర అది అక్కడే ఉందన్న బాధ మాత్రం పోలేదు. ఎంతమంది చదివి వెనక్కి తిరిగారో.

అందుకని పార్సిల్ వద్దు, అక్కడే కూర్చుని తినండి. ప్లాస్టిక్ కుర్చీ అయినా సరే, ఓవెన్ వేడి మొహానికి కొట్టినా సరే. ఓవెన్‌లోంచి తీశాక ఒక నిమిషం ఆగి, నాలుగైదు నిమిషాల్లో తినేయాలి. తప్పనిసరై ఇంటికి తేవాల్సి వస్తే డబ్బా మూత సగం తెరిచే పట్టుకురండి. మిగిలినదాన్ని మైక్రోవేవ్‌లో పెట్టకండి, చెప్పు అట్ట అవుతుంది. పొడి పెనం మీద సన్నని సెగకు పెట్టి, రెండు నిమిషాలయ్యాక పక్కన నాలుగు చుక్కల నీళ్లు చల్లి మూత వేయండి. అడుగు కరకరలాడుతుంది, పైన చీజ్ కరుగుతుంది.

మెనూ కార్డు చదవద్దు. గోడ మీద అరవై రకాల పేర్లు రాసి ఉంటాయి. వాటిలో సగం ఒకే ముద్ద మీద అవే ఐదారు వస్తువులు అటూఇటూ మార్చి వేసినవే. కౌంటర్ వెనక పళ్లెంలో ఏం తరిగి ఉన్నాయో చూసి, "ఈ పొద్దు కోసినవి ఏవి?" అని అడగండి. ఆలివ్‌లు, జాలపెన్యోలు, బేబీకార్న్ డబ్బాల్లోంచి వస్తాయి. ఉల్లిగడ్డ, టమాట, క్యాప్సికం తాజావి. ఇబ్రహీంపట్నం, మంచాల, యాచారం పొలాల్లో కూరగాయలు పండుతుంటే మనకు డబ్బా సరుకు ఎందుకు?

వాటిలోనూ రెండే చెప్పండి. పైన ఎన్ని ఎక్కువ వేస్తే అంత గిట్టుబాటు అనుకుంటాం. లెక్క తిరగేసి ఉంది. ప్రతి కూరగాయలోనూ నీళ్లుంటాయి. పిజ్జా పుట్టిన నేపుల్స్‌లో కట్టెల పొయ్యి భగభగ మండుతుంటే ఒకటిన్నర నిమిషం లోపే కాలిపోతుంది, అక్కడే పైన వేసేవి తక్కువ. మరీనారా అనే రకానికి టమాట, వెల్లుల్లి, ఓరెగానో, ఆలివ్ నూనె తప్ప చీజే ఉండదు. ఆ పద్ధతులు చెడిపోకూడదని 1984లో అక్కడివాళ్లు సంఘం కట్టుకుని నియమాలు రాసుకున్నారు. నేపుల్స్ పిజ్జా చేసేవాళ్ల నైపుణ్యాన్ని యునెస్కో 2017లో మానవాళి వారసత్వంగా గుర్తించింది. మన గేటు దగ్గరి కరెంటు ఓవెన్‌కు ఆ సెగ లేదు. మష్రూమ్, టమాట, క్యాప్సికం, మొక్కజొన్న, పనీర్ అన్నీ కుమ్మరిస్తే వాటి నీరు ఇగరదు, రొట్టెలోకి దిగుతుంది. ఉల్లిగడ్డ, పచ్చిమిర్చి, చీజ్. అంతే చెప్పి చూడండి.

ఇద్దరికి రెండు చిన్నవి కాకుండా ఒకటి పెద్దది తీసుకోండి. పక్కపక్కన రెండు చిన్నవి కనబడితే ఎక్కువ అనిపిస్తుంది. 7 అంగుళాల పిజ్జా వైశాల్యం 38 చదరపు అంగుళాల పైచిలుకు. అలాంటివి రెండు కలిపినా 77. ఒక్క 10 అంగుళాలది 78. 12 అంగుళాలది ఏకంగా 113. చిన్నది 150 రూపాయలు, 10 అంగుళాలది 250 అనుకుందాం. రెండు చిన్నవి కొన్నవాడు 50 రూపాయలు ఎక్కువ కట్టి, ఒక పిసరు తక్కువే తింటున్నాడు. అందులోనూ చిన్నదానికి అంచు ఎక్కువ, నడుమ తక్కువ. కాలేజీ పిల్లలకు మరీమరీ చెప్తున్నా, నలుగురు కలిసి నాలుగు చిన్నవి తీసుకోకండి.

ఇప్పుడు అసలైన సలహా. ఇంట్లో పెద్దవాళ్లను వెంట తీసుకుపోండి. "వాళ్లకు పడదు, వాళ్లు తినరు, వాళ్లకు ఇంట్లో ఇంత చారన్నం కలిపి పెట్టి పోదాం" అనే మాట ప్రతి ఇంట్లో వింటాను. మా ఇంట్లోనూ అదే నడిచింది. కిందటేడు దసరా సెలవుల్లో పిల్లలు పట్టుబట్టి మా అత్తమ్మను తీసుకొచ్చారు. ఆమెది డెబ్బై దాటిన వయసు. కూర్చోమన్నా కూర్చోలేదు, కొంగు నడుముకు చెక్కి నేరుగా కౌంటర్ దగ్గరికి పోయి నిలబడింది.

"ఏం బిడ్డా, రొట్టె మీద కూర పోసి పొయ్యిల పెడ్తున్నవా?"

"అవునవ్వా."

పిల్లాడు పిండి ముద్దను వేళ్లతో అదిమి గుండ్రంగా చేసి, ఫోర్కు తీసుకుని దాని నిండా పొడుస్తున్నాడు. అత్తమ్మ ముందుకు వంగింది.

"గా బొక్కలెందుకు?"

"పెట్టకుంటె పూరీ లెక్క పొంగుతది అవ్వా. మీదేసినయి అన్ని పక్కకు జారుతయి."

"మేము సర్వపిండికి గిట్లనే పెడ్తం. ఏలుతోటి. బొక్కలల్ల నూనె పోస్తే అడుగు కరకర అయితది."

పిల్లాడి చెయ్యి ఆగిపోయింది. నల్లటి ఇనుప పాన్ ఒకటి తీసి ఆమెకు చూపించాడు. "నేను గూడ గంతే అవ్వా. గీ పాన్‌కు నూనె రాసి గిండ్లనే ముద్ద అదుముతా. అడుగు వేగుతది."

తర్వాత పది నిమిషాలు వాళ్లిద్దరూ మమ్మల్ని మరిచిపోయారు. బియ్యప్పిండిలో నానబెట్టిన శనగపప్పు, పల్లీలు, నువ్వులు, కరివేపాకు, కారం వేసి గిన్నె లోపలి గోడలకు ఎంత పల్చగా అదమాలో ఆమె చెప్పింది. ముద్దను ముందురోజు రాత్రే కలిపి ఫ్రిజ్‌లో పెడితే ఎందుకు రుచి వస్తుందో అతను చెప్పాడు. దేవరకొండ వైపు పిల్లాడు, పట్నంలో ఒక పెద్ద హోటల్లో గిన్నెలు తోముతూ ఈ పని నేర్చుకున్నాడని అప్పుడే తెలిసింది. అంతకుముందు రెండేళ్లు అతని చేతి పిజ్జా తింటూ నేను ఒక్కనాడూ అడగలేదు.

పిజ్జా వచ్చాక అత్తమ్మ సంచిలోంచి చిన్న స్టీలు డబ్బా తీసింది. ఎల్లిగడ్డ కారం. కాగితపు పొట్లాల్లో ఇచ్చే చిల్లీ ఫ్లేక్స్ పక్కకు నెట్టి, తన ముక్క మీద రెండు చిటికెలు చల్లుకుంది. ఆ ఫ్లేక్స్ కూడా కచ్చాపచ్చాగా దంచిన ఎండుమిరపకాయే, కాకపోతే ఎన్నాళ్ల కిందటిదో తెలియదు. కొత్తగా దంచిన కారంలో వెల్లుల్లి, జీలకర్ర ఘాటు వేడి చీజ్ మీద పడగానే లేచింది. పిల్లలు డబ్బా లాక్కున్నారు. కాబట్టి ఇంటి నుంచి కారం పట్టుకుపోవడానికి మొహమాటపడొద్దు. షాపువాళ్లను ముందుగా ఒక మాట అడగండి, కాదనరు.

పెద్దవాళ్లకు పళ్లు సరిగా లేకపోతే త్రికోణాలుగా వద్దు, అంగుళం అంగుళం చదరాలుగా కోయమనండి, అంచు పక్కన పెట్టమనండి. ఫోర్కూ కత్తీ ఇచ్చినా పట్టించుకోవద్దు, రొట్టె తుంచుకుని తినడం వాళ్లకు ఒకరు నేర్పాల్సిన పని కాదు. శనివారమో, కార్తీక మాసమో, నీచు ముట్టనివాళ్లు వెంట ఉంటే చికెన్ పిజ్జా కోసిన చక్రపు కత్తితోనే శాకాహారం కూడా కోస్తున్నారేమో ముందే అడగండి. చిన్న షాపులో తరచూ ఒకటే చక్రం ఉంటుంది. అడిగితే కడిగి కోస్తారు. అడగకుండా తిని ఇంటికొచ్చాక బాధపడేవాళ్లను చూశాను.

అడగడం అంటే గుర్తొచ్చింది, అడగకూడదని మనం అనుకునే రెండు ప్రశ్నలు తప్పక అడగండి. మొదటిది, ఇది చీజేనా? పాల కొవ్వు బదులు వేరే నూనె కలిపి చేసేదాన్ని అనలాగ్ అంటారు. దాన్ని చీజ్ అని పేరు పెట్టి అమ్మకూడదని ఆహార భద్రతా సంస్థ నియమం. ప్యాకెట్ చూపించమంటే పిల్లాడు చూపిస్తాడు, దాని మీదే రాసి ఉంటుంది. అనలాగ్ అయితే తినాలా వద్దా అన్నది మీ ఇష్టం, చీజ్ ధర మాత్రం కట్టకండి. రెండోది, తెల్ల సాస్ దేనితో చేశారు? పచ్చి గుడ్లతో చేసే మయోనైజ్ తిని జనం జబ్బుపడుతున్నారని తెలంగాణ ప్రభుత్వం 2024 అక్టోబరు చివర్లో దాన్ని ఏడాదిపాటు నిషేధించింది. ఎండాకాలం మధ్యాహ్నం బల్ల మీద సీసాలో నిలబెట్టిన తెల్ల సాస్ ఏదైనా సరే నేను ముట్టను, మా పిల్లలను ముట్టనివ్వను. గోడ మీద 14 అంకెల లైసెన్స్ నంబరు ఉందో లేదో ఒకసారి తల ఎత్తి చూడండి.

ఏదైనా తేడా వస్తే సర్దుకుపోవద్దు. మంచివాళ్లం అనిపించుకోవడానికి నోరు మూసుకుని తిని, ఇంటికెళ్లి ఫోన్లో తిట్లు రాయడం కంటే మొదటి ముక్క దగ్గరే గట్టిగా చెప్పడం ఎంతో మర్యాద. ఒకసారి మేము పనీర్ చెబితే స్వీట్‌కార్న్‌ది వచ్చింది. మా ఆయన ఆకలిమీద మూడు ముక్కలు తినేసి, నాలుగో ముక్క చేతిలో పట్టుకుని "ఇది మాది కాదు" అన్నారు. పిల్లాడు ఏం చేయగలడు? డబ్బులు తిరిగివ్వలేడు, మళ్లీ చేస్తే రెండింటి నష్టం. మాటా మాటా పెరిగి ఇద్దరూ మొహాలు మాడ్చుకున్నారు. ఇంకోసారి అడుగు మాడి నల్లగా వచ్చింది. అంచు మీద గోధుమరంగు మచ్చలు తప్పు కాదు, రుచంతా అక్కడే ఉంటుంది. అడుగున బొగ్గులా ఉంటే మాత్రం తినకూడదు. ఈసారి ముక్క తిప్పి చూపించి, "తమ్మీ, ఇది మాడింది, ఇంకోటి చెయ్యి, మాకు తొందరేం లేదు" అన్నాను. ఒక్క మాట ఎదురు చెప్పలేదు. పదిహేను నిమిషాల్లో కొత్తది తెచ్చి పెట్టాడు. మేము ఆకలితో లేము కాబట్టి ఆగగలిగాం.

బిల్లు గురించి రెండు ముక్కలు. ఇలాంటి షాపుల్లో జీఎస్‌టీ 5 శాతం, అంతకంటే ఎక్కువ వేస్తే అడగండి. కాంపోజిషన్ పద్ధతిలో ఉన్న చిన్న షాపులు కస్టమర్ దగ్గర పన్ను వసూలు చేయకూడదు, బిల్లు మీద ఆ మాట రాసి ఉంటుంది. సర్వీస్ ఛార్జీ బలవంతంగా వేయకూడదని ఢిల్లీ హైకోర్టు 2025 మార్చిలో తేల్చి చెప్పింది. మాట వినకపోతే 1915 నంబరుకు ఫోన్ చేయొచ్చు. అదంతా గట్టిగా మాట్లాడాక, పిండి పిసికిన చేతిలో ఒక ఇరవై రూపాయలు పెట్టి రండి.

మా గేటు దగ్గరి షాపులో మూడున్నరకు ఓవెన్ వెలిగిస్తారు. నాలుగున్నరకు రాయి కాగి ఉంటుంది. ఆ వేళకు కుర్చీలన్నీ ఖాళీయే. ఇంట్లో పెద్దవాళ్లుంటే ఈ శనివారం వెంటబెట్టుకుని రండి, కారం డబ్బా మరిచిపోవద్దు.